సొన మచ్చల మందు

కోడలి మీద నేరం మోపడానికి సాక్షులు అక్కర్లేదు, ఇంట్లో అత్తగారుంటే సరిపోతుంది. పోయిన వారం తబితాకి జరిగింది అదే. ఆమె కూతురు షారోనుకి నాలుగేళ్లు. పొద్దున లేచేసరికి ఆ పిల్ల మొహం ఉబ్బిపోవడం, కాళ్లు వాయడం, మూత్రంలో నురగ రావడం మొదలైనప్పుడు అందరూ నీళ్ల మీదికి తోసేశారు. మన వైపు ఎవరికి కిడ్నీ దెబ్బతిన్నా ముందు తిట్లు తినేది బోరే కదా. మినరల్ వాటర్ టిన్నులు వచ్చాయి, జబ్బు మాత్రం పోలేదు. చివరికి విజయవాడలో పిల్లల డాక్టరు దుర్గాప్రసాద్ గారు కుండబద్దలు కొట్టారు. "మీ పాప ఒంట్లో పాదరసం ఉంది. ఆస్పత్రిలో ఉంటే తేరుకుంటోంది, ఇంటికెళితే పడిపోతోంది. విషం మీ ఇంట్లోనే ఉంది. అదేంటో కనుక్కోకుండా పాపని మళ్లీ తీసుకెళితే ఈసారి కిడ్నీలు దక్కవు," అన్నారు.

ఇంట్లో పాదరసం అంటే వేలు ఎటు చూపిస్తుంది? తబితాకి ఇంటి ముందు గదిలో బ్యూటీ పార్లరుంది. ఇంకేం కావాలి! అత్తగారు ఇన్నమ్మ ఆస్పత్రి వరండాలోనే గొంతెత్తింది. సోమవారం పిల్ల ఇంటికొచ్చేసరికి తబితా పుట్టింటికి పోవాలి, పిల్ల నానమ్మ గదిలో నానమ్మ దగ్గరే ఉండాలి. ఇదీ ఆవిడ తీర్పు. తబితా భర్త జోజిబాబు మామిడి లోడ్ల లారీ నడుపుతాడు. అతను అమ్మని వారించలేదు, పెళ్లాన్ని వెనకేసుకు రాలేదు. పార్లరుకి తాళం వేసి, తాళంచెవి జేబులో వేసుకుని, పిల్ల దగ్గర తనుంటానని ఆస్పత్రిలో ఉండిపోయాడు. సోమవారమే డాక్టరు గారి మనుషులు ఇంటికొచ్చి ప్రతి డబ్బా, ప్రతి సీసా చూస్తామన్నారు.

మీలో సగం మంది ఈపాటికి తబితానే దోషి అని తేల్చేసి ఉంటారు. తేల్చండి, మీదేం పోయింది? నిజానికి ఆదివారం పొద్దున దాకా తబితా కూడా తనని తాను పూర్తిగా నమ్మలేదు.

ఇన్నమ్మ చర్చికి వెళ్లింది. ఇంట్లో తబితా ఒక్కతే. వంటింట్లో పసుపు డబ్బా మూత తీసి వాసన చూసింది. షారోను కాటుక, ప్లాస్టిక్ బొమ్మలు, పాత ట్యూబులైటు, దోమల మందు, గోడకి వేసిన రంగు, అన్నిటినీ దొంగల్ని చూసినట్టు చూసింది. పార్లరు సామాను తాళం వెనకే ఉంది. అందులో ప్రతి క్రీముకీ కంపెనీ పేరుంది, తేదీ ఉంది, బిల్లుంది. అయినా ఏమో! పిల్ల ఎప్పుడైనా లోపలికెళ్లి ఏదైనా నాకిందేమో! ఫేషియల్ చేసిన చేత్తో తనే అన్నం కలిపి పెట్టిందేమో! ఇలా తలుచుకుంటూ ఆమె తన చేతుల్ని తనే అసహ్యించుకుంది. కన్నతల్లికి అంతకన్నా నరకం వేరే ఉండదు.

ఇల్లంతా వెతికినా వెతకనిది ఒక్క చోటే. అత్తగారి గదిలో బీరువా. దానికి తాళం. ఇన్నమ్మకి ఇంతకుముందు తాళాల అలవాటు లేదు. పుట్టింటి నుంచి ఏ పసరు మందో తెచ్చి పిల్లకి పట్టిస్తోందా అని తబితాకి మొదటిసారి అనుమానం వచ్చింది. ఇంట్లోవాళ్లందరూ మూత్రం పరీక్షకి ఇవ్వమని డాక్టరు గారంటే తబితా అప్పుడే ఇచ్చింది, రిపోర్టు ఇంకా రాలేదు. ఇన్నమ్మ మాత్రం "నాకేం రోగం?" అని ఆస్పత్రి మెట్లు దిగిపోయింది. అప్పుడు అది మొండితనం అనిపించింది. ఇప్పుడు అలా అనిపించడం లేదు.

బయట గేటు చప్పుడైంది.

"ఇన్నమ్మ పిన్ని లేదాండీ?"

సుభద్ర. రోడ్డు పక్క మామిడి యార్డులో ముచ్చికలు కోసే మనిషి. తోటల నుంచి దిగిన కాయకి తొడిమ తుంచి, సొన కారిపోయేలా బోర్లించి పెట్టడం వీళ్ల పని. తొడిమ తుంచగానే సొన చివ్వున చిమ్ముతుంది. ఎక్కడ పడితే అక్కడ ఒళ్లు కాలి, పొక్కి, నల్లటి మచ్చ పడుతుంది. నూజివీడు రసాల తీపి లోకమంతా ఎరుగును, ఆ మచ్చల సంగతి కోసిన ఆడవాళ్లే ఎరుగుదురు. సీజను మొదలవగానే బుగ్గలకి ఆముదం పట్టించుకుని యార్డుకి వెళ్తారు. అయినా రోహిణీ కార్తె వచ్చేసరికి ఒక్క మొహమూ శుభ్రంగా మిగలదు.

సుభద్ర మొహం శుభ్రంగా ఉంది. నున్నగా, పాలిపోయినట్టు తెల్లగా ఉంది.

"చర్చికెళ్లింది. ఏం కావాలి?" అంది తబితా.

సుభద్ర కొంగు ముడి విప్పి చిన్న ప్లాస్టిక్ డబ్బా తీసింది. తెల్ల డబ్బా, ఆకుపచ్చ మూత. మీద పేరు లేదు, ఊరు లేదు.

"ఇది అయిపోయిందండీ. ఇంకోటి ఇస్తుందేమోనని వచ్చాను."

"ఏంటది?"

"అదేంటండీ, మీకు తెలీదా? సొన మచ్చల మందు. మీ ఇంట్లోదే కదా!"

తబితా గేటు తీసి బయటికొచ్చింది. "మా అత్తయ్య ఇస్తుందా? అందరికీనా?"

"యార్డులో ఆడాళ్లందరికీ పిన్నే ఇప్పిస్తదండీ. రాత్రి పడుకునేముందు దట్టంగా రాసుకోమంది. పొద్దున్నే కడుక్కోవాలి. ఒక్కటే పత్యం, బంగారం తగలకూడదంట. కమ్మలూ ముక్కుపుడకా తీసేసి రాసుకోమంది. తగిలితే బంగారం తెల్లబడిపోద్దంట."

తబితా బ్యూటీషియన్ కోర్సు చేసేటప్పుడు నేర్పిన మేడమ్ ఫౌండేషన్లూ ఫేషియళ్లూ ఎన్నో చెప్పింది. అందులో చాలా మర్చిపోయింది కానీ ఒక్క మాట మర్చిపోలేదు. బంగారానికి పడని క్రీము మొహానికి పడుతుందా, అలాంటిదెవరైనా అమ్మితే అందులో పాదరసం ఉన్నట్టే, మీ పార్లరు గడప తొక్కనివ్వకండి అని. మొన్న డాక్టరు గారు కూడా ఆ సంగతే మరో రకంగా చెప్పారు. పూర్వం విదేశాల్లో గొప్పింటి ఆడవాళ్లు తెలుపు కోసం మొహానికి సీసం పూసుకునేవారట, చర్మం కుళ్లుతుంటే దాన్ని కప్పడానికి మళ్లీ సీసమే పూసుకునేవారట. వాళ్లు పోయారు, ఆ పిచ్చి పోలేదమ్మా అన్నారు.

తబితా చూపు కిందికి దిగింది. సుభద్ర కాళ్ల పట్టీలు వాచిన చర్మంలోకి దిగబడి ఉన్నాయి.

"కాళ్లేంటి సుభద్రా, అలా ఉన్నాయి?"

"నిలబడే పని కదండీ. పైగా మన నీళ్ల సంగతి తెలిసిందే."

"ఆ మందు మానెయ్. ఆస్పత్రికెళ్లి చూపించుకో. ఆ డబ్బా నాకిచ్చి వెళ్లు."

సుభద్ర ఒక అడుగు వెనక్కి వేసింది. మొహంలో మర్యాద పోయి లెక్కలు మొదలయ్యాయి. "అదేంటండీ, మీ పార్లరుకి తాళం పడిందని మా మందు మీద పడ్డారా? మీ దగ్గర ఫేషియలు చేయించుకునే స్తోమతు మాకెక్కడిది? ఏదో పిన్ని పుణ్యమా అని మొహాలు మనుషుల్లో పడ్డాయి. దాన్ని కూడా చెడగొడతారా?"

డబ్బాని కొంగులో ముడేసుకుని వెళ్లిపోయింది. పిలిచినా వెనక్కి చూడలేదు. మంచి చెప్పినవాడి మీదే అనుమానం రావడం లోకంలో కొత్త కాదు గానీ, తబితాకి ఆ పూట ఏడుపొచ్చినంత పనయింది.

ఇన్నమ్మ వచ్చేసరికి తబితా వసారాలో కుర్చీ వేసుకుని కూర్చుంది. అత్తగారు తల మీద ముసుగు తీసి, షారోను పేరు చెప్పి కొవ్వొత్తి వెలిగించి వచ్చానని గోడకి చెప్పినట్టు చెప్పి లోపలికి పోబోయింది. తబితా మొదటిసారి ఆ మొహాన్ని పార్లరు కుర్చీలో కూర్చున్న మనిషి మొహం చూసినట్టు చూసింది. యార్డులో ముచ్చికలు కోసీ కోసీ మేస్త్రి అయిన మనిషి. ఏటా ఈ రోజులకి ఆ బుగ్గలు దవడ దాకా నల్లబడి ఉండేవి. ఈ ఏడు ఒక్క మచ్చ లేదు. ఇంత సంగతి తన కంటికి ఎలా ఆనలేదు? అత్తగారి నోటి వంక చూసినంతగా మొహం వంక ఎప్పుడూ చూడలేదు మరి.

"అత్తయ్యా, మీ దుద్దులేవి?"

ఇన్నమ్మ చెయ్యి చెవి మీదికి వెళ్లి ఆగింది. "చెవి చీము పట్టింది. తీసి పెట్టాను."

"చూపించండి."

"ఏంటే చూపించేది? చేసిందంతా చేసి ఇప్పుడు నా చెవులు వెతుకుతున్నావా? రేపటికి సామాను సర్దుకున్నావా లేదా, ముందది చెప్పు."

"సుభద్ర వచ్చింది."

ఇన్నమ్మ ముసుగు గుడ్డ మడత పెట్టడం మొదలెట్టింది.

"ఖాళీ డబ్బా పట్టుకుని వచ్చింది. ఇంకోటి కావాలంట. మీ బీరువాలో ఉందా?"

"ఉంటే? అది మచ్చల మందు. నీ పార్లరు క్రీముల్లాంటిది కాదు. సొన పడి కాలిన మొహాలకి మందు. ఎండలో మాడి చచ్చే ఆడాళ్లకి తెచ్చిపెడితే నీకెందుకు దుగ్ధ?" అని గొంతు పెంచింది. అంతలోనే తగ్గింది. "పిల్లకి నేను రాయలేదు. మరియమ్మ తల్లి మీద ఒట్టు తబితా. దాని ఒంటికి చుక్క కూడా తగలనివ్వలేదు. పెద్దోళ్ల మందు పిల్లలకెందుకు రాస్తాను?"

"మీరు రాయక్కర్లేదు అత్తయ్యా. అది రోజూ ఎవరి పక్కన పడుకుంటోంది?"

ఇన్నమ్మ తన గది వైపు తిరిగి చూసింది.

"మీరు దట్టంగా రాసుకుని పడుకుంటారు. అది మీ బుగ్గకి బుగ్గ ఆనించి పడుకుంటుంది. మీ దిండే దాని దిండు. మీరు మొహం తుడుచుకున్న తువ్వాలుతోనే దాని మూతి తుడుస్తారు. తెల్లారేసరికి ఆ మందు సగం దాని ఒంట్లోకే పోతోంది. మళ్లీ రేపట్నుంచి మీ గదిలోనే పెట్టుకుంటానన్నారు."

చివరి మాట అనకుండా ఉండాల్సిందని తబితాకే అనిపించింది. కానీ అనేసింది. ఇన్ని రోజులు పడ్డ నిందకి ఆ మాత్రం బదులు తీర్చుకోవాలని ఉండడం తప్పు కాదు. ఇన్నమ్మ గోడ పట్టుకుని నేల మీద కూర్చుండిపోయింది. ఎప్పుడూ బొంగురుగా గదమాయించే మనిషి చిన్న గొంతుతో మాట్లాడింది.

"పోయినేడు సీజన్లో అది నా దగ్గరికి రాలేదు. గుర్తుందా నీకు? ముద్దు పెట్టమంటే 'నానమ్మ మొహం మీద బూచి' అని నీ వెనకాల దాక్కుంది. నువ్వు నవ్వావు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నన్ను కాకి ఇన్నమ్మ అన్నవాళ్లున్నారు, తారుడబ్బా అన్నవాళ్లున్నారు, ఎవరన్నా నాకేం కాలేదు. అది బూచి అంటే మాత్రం తట్టుకోలేకపోయానే. ఈ మందు రాశాక మచ్చలు పోయాయి. ఒకరోజు అదే వచ్చి, నా బుగ్గ తడిమి, మొహం ఆనించి పడుకుంది. ఆ రాత్రంతా నేను కదల్లేదు, అది లేస్తుందేమోనని."

తబితాకి కోపం తన్నుకొచ్చింది, జాలి తన్నుకొచ్చింది, జాలి పడ్డందుకు మళ్లీ కోపం వచ్చింది. పిల్ల దగ్గరికి రావాలని రాసుకుంది. దగ్గరికి వచ్చినందుకే పిల్ల ఆస్పత్రి పాలైంది. ఈ ముసలామెని తిట్టాలా, లేవదీసి కూర్చోబెట్టాలా? అదేదీ తేలకముందే ఆమెకి అసలు ప్రశ్న గుర్తొచ్చింది.

"ఆ మందు మీకెవరిచ్చారు?"

"యార్డుకి ఎవడో వచ్చి అమ్మాడు."

"అబద్ధం. మీ ఇంట్లోదే అంది సుభద్ర."

ఇన్నమ్మ గుమ్మం వైపు చూసింది, ఎవరైనా వస్తే బాగుండునన్నట్టు. ఎవరూ రాలేదు.

"జోజి," అంది చివరికి.

మొదట ఆ పేరు తబితా మనసులోకి ఎక్కలేదు. వేరే ఎవరో జోజి అనుకుంది.

"లోడు దింపి వచ్చేటప్పుడు తిరుగుదారిలో అట్టపెట్టెలు తెస్తున్నాడు. యార్డులో నేను చెబితే ఆడాళ్లు కొంటారని నాకప్పగించాడు. నీకు చెప్పొద్దన్నాడు, నీ పార్లరు బేరం పోద్దని గొడవ పెట్టుకుంటావంట."

"డాక్టరు గారు పాదరసం అన్నాక అడగలేదా మీరు?"

"అడిగానే. ఒరే, ఆ మందులో ఏమైనా ఉందేమోరా అన్నాను. నోరు మూసుకో అమ్మా, అది మంచి మందు, అంతా దాని పార్లరు వల్లే అన్నాడు."

"నమ్మారా?"

ఇన్నమ్మ తలెత్తలేదు. "కన్న కొడుకు కదే."

అంటే అతనికి తెలుసు. అమ్మ అడిగిన తర్వాతైనా అనుమానం రాకుండా ఉంటుందా? తెలిసి, పిల్ల మంచం పక్కన కూర్చుని, తన పార్లరుకి తాళం వేసి, తనని నలుగురిలో పాపిష్టిదాన్ని చేసి కూర్చున్నాడు. ఇన్నేళ్ల కాపురంలో తబితా అతని మీద చిరాకు పడింది, అలిగింది, ఏడ్చింది. భయపడడం మాత్రం ఇదే మొదలు.

ఇన్నమ్మ లేచి లోపలికెళ్లి బీరువా తీసింది. చేతిరుమాల్లో చుట్టిన డబ్బా తెచ్చింది. తెల్ల డబ్బా, ఆకుపచ్చ మూత. సగం ఉంది. తబితా చెయ్యి చాచింది. సరిగ్గా అప్పుడు ఫోను మోగింది. జోజిబాబు.

"పిల్లని డిశ్చార్జి చేయించేశాను," అన్నాడు.

"రేపు కదా? డాక్టరు గారు వద్దన్నారు కదా?"

"మా పూచీ మీద తీసుకెళ్తున్నామని సంతకం పెట్టాను, ఇక రేపు ఇల్లు వెతకడానికి ఎవరూ రారు. హైవే జంక్షన్‌లో ఉన్నాం. టిఫిన్ తింటోంది."

వెనకాల హైవే లారీల హారన్లు వినిపిస్తున్నాయి. వాటి మధ్య షారోను గొంతు, ఇంకో ఇడ్లీ వద్దంటోంది. ఆ గొంతు వినగానే తబితా కళ్లు నిండాయి.

"ఇంటికి తీసుకురండి."

"నువ్వు ఉన్నంతసేపూ తీసుకురాను."

"అత్తయ్య అంతా చెప్పింది," అంది తబితా.

ఏం చెప్పిందని అతను అడగలేదు. అడిగుంటే ఇంకా కొంచెం ఆశ ఉండేది.

"డబ్బా ఎక్కడుంది?" అన్నాడు.

తబితా అత్తగారి చేతిలోని రుమాలు వంక చూసింది.

"చూడు తబితా, ఆ డబ్బా డాక్టరు చేతికెళ్తే నేనొక్కణ్ణే పోను. నా వెనకాల ఎవరున్నారో నీకు తెలీదు. అది పట్టుకుని జంక్షన్‌కి రా. అది నాకిచ్చి పిల్లని తీసుకెళ్లు. ఎవరికైనా ఫోన్ చేశావో, మేమిక్కడ ఉండం."

తబితా ఏదో అనబోయేలోగా ఇన్నమ్మ ఆమె చేతిలోంచి ఫోను లాక్కుంది. ఇందాక నేల మీద కుప్పగా కూర్చున్న మనిషేనా అనిపించేలా నిటారుగా నిలబడింది.

"ఒరే జోజీ, డబ్బా నా దగ్గరుంది. దీని చేతికివ్వలేదు. నేనే తెస్తాను. దీన్ని నమ్మొద్దు, డాక్టరుకి చెప్పేస్తుంది."

ఫోను కట్ చేసింది. డబ్బాని రవికెలో దోపుకుని చెప్పులేసుకుంది.

"అత్తయ్యా! ఏం చేస్తున్నారు మీరు? అది ఇచ్చేస్తే పిల్ల ఒంట్లో ఉన్నది దేనివల్లో ఎలా రుజువు చేస్తాం? సుభద్ర కాళ్లు చూశారా? ఆ యార్డులో ఎంతమంది అలా ఉన్నారో!"

ఇన్నమ్మ గుమ్మం దిగింది. చెయ్యి పట్టుకుంటే విదిలించుకుంది. వీధిలో పోతున్న ఆటోని ఆపి ఎక్కింది. ఇందాక కూలబడడం నిజమా, ఇప్పటి ఈ నడక నిజమా? కన్న కొడుకు కదే అన్న మాట తబితా చెవిలో గింగురుమంది. కాళ్లకి చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి వెళ్లి పక్కన ఎక్కి కూర్చుంది. దిగమని ఇన్నమ్మ అనలేదు, రమ్మనీ అనలేదు. ఇద్దరి మధ్య బెత్తెడు దూరమే ఉంది, ఆ డబ్బాని అందుకునే దారి మాత్రం లేదు.

ఆటో మెయిన్ రోడ్డెక్కింది.

"జంక్షన్‌కి కాదు నాయనా, ముందు మామిడి యార్డుకి పోనీ," అంది ఇన్నమ్మ.

"యార్డెందుకు?" అంది తబితా.

"మిగతా పెట్టెలన్నీ అక్కడే ఉన్నాయి. షెడ్డులో, వరిగడ్డి వెనకాల. ఒక్కటి మిగలకూడదు."

ఒక్కటి మిగలకూడదని ఎవరి కోసం? యార్డు ఆడవాళ్ల కోసమా, కొడుకు కోసమా? తబితా అత్తగారి మొహంలోకి చూసింది. మచ్చ లేని ఆ మొహంలో ఏమీ దొరకలేదు.

ఇన్నమ్మ ముందుకు వంగి డ్రైవరు భుజం తట్టింది.

"అగ్గిపెట్టె ఉందా నాయనా?"

కాలిస్తే పాదరసం బూడిదవదు, పొగలో కలుస్తుంది. సీజను రోజులు, ఆదివారమని సెలవు లేదు. షెడ్డు నిండా ఆడవాళ్లు ముచ్చికలు కోస్తుంటారు, వాళ్ల పిల్లలు ట్రేల చాటున నిద్రపోతుంటారు. "అత్తయ్యా, వద్దు! అంటించకండి, ఆ పొగ పీలిస్తే..." అంటుండగానే డ్రైవరు జేబులోంచి అగ్గిపెట్టె తీసి వెనక్కి అందించాడు.